చివరిగా మార్చిన తేదీ

ఫిబ్రవరి 3, సోమవారం

మధులత మేడం ఈరోజు బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, మా మొహాలు చూస్తూ నిలబడ్డారు.

ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? వాళ్లకెలా తెలిసింది? వాళ్లతో సంబంధం లేని ఇంకెవరైనా అదే మాట చెప్తున్నారా?

చరిత్ర బి.ఏ. మూడో సంవత్సరం కదా, పరిశోధన వ్యాసం రాయాలట. ఎవరి ఊరి మీద వాళ్లు. వెబ్‌సైట్లు ఎన్నయినా వాడుకోవచ్చు గానీ, ప్రతి సైటునూ ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి, నమ్మొచ్చో నమ్మకూడదో తేల్చి రాయాలి. మార్చి పదికి ఇవ్వాలి. "ఇంటర్నెట్లో ఉండాది మేడం అని చెప్పినారనుకో, బజార్లో ఎవరో అనుకుంటాండిరి మేడం అని చెప్పినట్లే" అన్నారు. మేడంది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. పాఠం చెప్పేటప్పుడు పుస్తకం భాష, కోపమొస్తే ఊరి భాష.

భూపేష్ లేచి బనగానపల్లె మామిడి అన్నాడు. వాడిది ఆ ఊరే. వాడు ఏ పరీక్షలో ఏం అడిగినా మామిడికాయ దగ్గరికే తీసుకుపోతాడు కాబట్టి క్లాసంతా నవ్వింది. నా వంతు వచ్చింది. "పెసరబండ చర్చి మేడం. మా ఊరు" అన్నాను.

"దాని మీద సైటు ఏమన్నా ఉండాదా మహిమా?"

"ఉండాది మేడం. శానా మంచి సైటు."

ఎవరిదని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 4

వ్యాసం కోసమే తెరిచాను. ఒక్కసారే చదివాను.

ఫిబ్రవరి 6, గురువారం

మేడం చెప్పినట్లే చేస్తున్నాను. మనవాళ్లు, పరాయివాళ్లు అని తేడా చూపించకూడదు.

ఎవరు రాశారు? ఎం. ఏసుమణి, ప్రాథమిక పాఠశాల టీచరు, పెసరబండ. మా అమ్మ అని వ్యాసంలో రాయనక్కర్లేదు. టీచరంటే చాలు.

ఎప్పుడు రాశారు? పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది: చివరిగా మార్చినది, 11 మార్చి 2023. ఇదే కర్నూల్లో, ఆసుపత్రి మంచం మీద, సెలైన్ ఎక్కని చేత్తో ఫోన్ పట్టుకుని చాలాసేపు ఏదో చేసింది. ఏం చేస్తాండావమ్మా అంటే, "ఒక కామా ఎక్కువైండాదే, తీసేసినా" అంది. ఆ వారంలోనే పోయింది.

ఆ సైటులో ఒక్క అక్షరం మార్చి సేవ్ కొట్టినా అడుగున తేదీ దానంతటదే మారిపోతుంది. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. అయినా నేను లోపలికి పోలేదు, పోను. ఆ తేదీ ఉన్నంత వరకు అమ్మ ఆ పేజీ ముందు నుంచి ఇప్పుడే లేచి నీళ్లు తాగడానికి పోయినట్లు ఉంటుంది. ఎవరైనా ముట్టుకుంటే అమ్మ పోయినట్లే. ఇది పిచ్చి అని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పోతుందా పిచ్చి.

వాళ్లకెలా తెలిసింది? ఇది సులభం. చర్చి వాకిలి పక్కన గోడలో రాయి ఉంది. దాని మీద 1884 అని చెక్కి ఉంది. అమ్మ కడప నుంచి కోడలిగా వచ్చింది, కళ్లారా చూసింది, రాసింది. అంతకంటే ఏం కావాలి.

ఎవరైనా అదే చెప్తున్నారా? వెతకాలి. మిగతా మూడింటికీ మూడు మార్కులు వేశాను. పక్షపాతం లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

దొరికాయి! ఒకటి కాదు, నాలుగు! పర్యాటక సైటు ఒకటి, క్రైస్తవ భక్తి సైటు ఒకటి, ఒక వార్తల సైటు, ఇంకొకటి మన జిల్లా విశేషాలని చెప్పి మధ్యలో పొట్ట తగ్గించే మందుల ప్రకటనలు వేసే సైటు. అన్నిటిలోనూ పెసరబండ చర్చి, 1884. అమ్మతో కలిపి ఐదు.

సంతోషం పట్టలేక హాస్టల్ మిద్దె మీదికి పోయాను. సాయంత్రం ఎండ పసుపు నీళ్లలా ఉంది. కొండారెడ్డి బురుజు వైపు నుంచి పావురాలు లేచి తిరిగి అక్కడికే పోయాయి. అమ్మ రాసిన వాక్యం పైకే చదువుకున్నాను: "ఈ గోడకు చెవి ఆనించి కూర్చుంటే మధ్యాహ్నం కూడా చల్లగా నిద్ర వస్తుంది. నూట నలభై ఏళ్లుగా జనం పాడిన పాటలు రాతిలో ఇంకి, నీడగా బయటికి వస్తున్నాయని నాకనిపిస్తుంది."

నిజంగానే నిద్ర వచ్చింది. చిన్నప్పుడు ఆదివారం ప్రసంగం పొడుగైతే ఆ గోడకు ఆనుకుని నిద్రపోయేదాన్ని. లేచేసరికి చెంప మీద రాతి గరుకు అచ్చు పడి ఉండేది. అమ్మ చీర కొంగుతో తుడిచేది, పోయేది కాదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

వద్దు, ఈరోజు రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

నా ఐదు సైట్ల ప్రింట్లు మేడం బల్ల మీద వరుసగా పరుచుకున్నారు. చదివారు. మళ్లీ చదివారు. ఎర్ర పెన్నుతో ఐదింటిలోనూ ఒకే మాట చుట్టూ గీత గీశారు.

"మహిమా, ఈడ 'నాకనిపిస్తుంది' అని ఉండాది. పర్యాటక సైటులో కూడా 'నాకనిపిస్తుంది'. వార్తల సైటులో కూడా. ఎవరమ్మా ఈ 'నాకు'?"

నేను చూడనే లేదు. ఐదుసార్లు చదివి, ఐదుసార్లు మురిసిపోయి, చూడనే లేదు. నలుగురూ అమ్మ వాక్యాన్ని ఎత్తుకుపోయి, అమ్మ 'నాకు'ను కూడా వదలకుండా పెట్టుకున్నారు.

"మా అమ్మ మేడం" అన్నాను.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడం చూపుకు ఆగిపోయారు. నాకు అమ్మ లేదని మేడంకు తెలుసు, చేరేటప్పుడు దరఖాస్తు చూసింది ఆవిడే. కొంచెంసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు.

"మీ అమ్మ బాగా రాసింది. నాకే ఆ గోడ కాడికి పోయి కూర్చోవాలనిపిస్తాంది. కానీ ఐదుమంది సాక్షులు కాదు ఇది, ఒక్క సాక్షి. మిగతావి ప్రతిధ్వని. ఇంకోటి, రాయి మీద ఉండే సంవత్సరం రాయిది. అది గోడది కూడా అని ఎవరు చెప్పినారు?"

నాకు చురుక్కుమంది. "రాయి గోడలోనే కదా మేడం ఉండేది" అన్నాను, గట్టిగానే.

"మీ అమ్మ రాసింది చదవని సాక్షి ఒక్కటి తీసుకురా. చాలు."

ఆవిడ మంచిదే. మంచివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టం.

ఫిబ్రవరి 12

అమ్మ తప్పు రాయదు.

ఫిబ్రవరి 15, శనివారం

మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే కల. చర్చిలో ఎవరూ లేరు. అమ్మ గోడ పక్కన కూర్చుని బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒలుస్తోంది. నేను చేతిలో కాగితం పట్టుకుని మేడంలా అడుగుతున్నాను. ఎవరు రాశారు? "నేనే కదనే." ఎప్పుడు రాశారు? "కాపురానికి వచ్చినప్పటి నుంచి రాస్తానే ఉండా." నీకెలా తెలిసింది? అమ్మ బుడ్డలు ఒలవడం ఆపింది. గోడ వైపు తిరిగి దాన్ని అడుగుతున్నట్లు చూసింది. నేల మీద కాళ్ల దాకా నీళ్లు వచ్చి ఉన్నాయి, చల్లగా, చప్పుడు లేకుండా, ఎప్పుడొచ్చాయో తెలియదు.

లేచేసరికి ఫ్యాన్ ఆగిపోయి దిండంతా చెమట. కరెంటు లేదు. అంతే. కలలకు ఆధారాలు ఉండవు కాబట్టి వ్యాసంలో వాడుకోకూడదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

దొరికింది.

పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టే గ్రంథాలయం సైటు ఒకటి మేడం చెప్పారు. అందులో నూరేళ్ల కిందటి జిల్లా వివరాల పుస్తకం. ఇంగ్లిషు. పేజీల అంచులు పురుగులు తిన్నవి కూడా స్కాన్‌లో కనిపిస్తున్నాయి. ఊళ్ల పేర్లు అక్షర క్రమంలో, ఏ ఊర్లో ఎన్ని ఇండ్లు, ఏ పంట, ఏ గుడి. పెసరబండ దొరికింది. అరవై ఇండ్లు, ఒక బావి, ఒక హనుమంతుని గుడి. చర్చి లేదు.

మర్చిపోయి ఉంటాడు ఆ పుస్తకం రాసిన దొర, అనుకున్నాను. పేజీలు తిప్పాను. ఇంకో ఊరి దగ్గర ఉంది: రాతి చర్చి, 1884లో కట్టినది. ఆ ఊరి పేరు ఏటిపాడు.

మా ఇంట్లో ఆ పేరు ఎత్తరు.

నాయన వాళ్ల సొంత ఊరు అది. శ్రీశైలం డ్యాం నీళ్లలో పోయింది. నాయన పదేళ్ల పిల్లోడుగా ఉన్నప్పుడు అందరూ పెసరబండకు వచ్చి, ఒక వీధిగా ఇండ్లు వేసుకున్నారు. ఇప్పటికీ దాన్ని ముంపోళ్ల వీధి అంటారు. వరమ్మ జేజి, అంటే నాయన వాళ్లమ్మ, బతికి ఉన్నన్నాళ్లు ఆ ఊరి పేరు చెవిన పడితే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోయేదట. రెండు రోజులు, మూడు రోజులు పస్తు. అందుకని ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు. జేజి పోయాక కూడా ఎవరూ అనలేదు. అలవాటైపోయింది. అమ్మ అడగలేదు. నేనూ అడగలేదు. "అక్కడ" అనేవాళ్లం. "అక్కడ ఉన్నప్పుడు" అంటే చాలు, అందరూ తలవంచుకునేవాళ్లు.

నాలుగు ప్రశ్నలు అడిగాను. ఎవరు రాశారో పేరుంది. ఎప్పుడో ఉంది. ఎలా తెలిసిందో, ఏ ఊరికి ఏ నెలలో పోయారో ముందు పేజీలోనే ఉంది. అమ్మ రాసింది చదివే అవకాశమే లేదు, అయినా రాయి మీది 1884తో సరిపోయింది. నాకు ఇష్టం లేని సైటుకు నాలుగుకు నాలుగు.

రాయి అక్కడిది. గోడ ఇక్కడిది. దేవుడా, మేడం చూడకుండానే చెప్పింది.

ఫిబ్రవరి 20, గురువారం

భూపేష్‌కు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. క్యాంటీన్‌లో ఉగ్గాని తింటూ అంతా విని, మిరపకాయ బజ్జి కొరికి, "ఓస్, ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనా ఏమిటి?"

"పాస్‌వర్డ్ ఉండాది కదా. లోపలికి పో. ఆ వాక్యం మార్చి, రాయి వేరే ఊరి నుంచి వచ్చిందని రెండు ముక్కలు రాసేయ్. మీయమ్మ మొదటి నుంచీ కరెక్టుగా రాసినట్లే ఉంటాది. మేడంకు కొత్త ప్రింటు ఇయ్యి. ఎవురు చూస్తారు?"

"తేదీ మారుతుంది."

"మారితే మారనీ మే! ఆ తేదీ ఎవురికి కావల్ల? కందకు లేని దురద కత్తిపీటకా?"

ప్లేటు తీసుకుపోయి వాడి నెత్తిన కొట్టాలనిపించింది. వాడు చెడ్డవాడు కాదు. వాడి వ్యాసంలో కృత్రిమ మేధ ఇచ్చిన నాలుగు పుస్తకాల పేర్లు పెట్టుకున్నాడు, ఆ పుస్తకాలు లోకంలో ఎక్కడా లేవని నిన్న తెలిసింది. అలాంటి వాడి సలహా నేను వినడమేంటి.

రాత్రి భోజనం దాకా విన్నాను. నిజం చెప్పాలంటే లాగిన్ పేజీ కూడా తెరిచాను. మూసేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

నిన్న ఊరికి వచ్చాను. నందికొట్కూరు దాటేదాకా బస్సు కిటికీకి తల ఆనించి సగం నిద్రలో ఉన్నాను. కాలువ ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క. ఇంటికి రాగానే అడగాలనుకున్నది నోట్లోనే ఉండిపోయింది. నాయన జొన్నరొట్టెలు తనే కొట్టి పెట్టాడు. అమ్మ పోయాక నేర్చుకున్నాడు. అంచులు సరిగా రావు ఇంకా.

ఈరోజు చర్చి అయ్యాక అందరూ పోయేదాకా ఆగి, రాయి మీద చెయ్యి పెట్టాను. ఇన్నేళ్లూ చూడనిది ఈరోజు చూశాను. గోడంతా నల్ల రాయి, ఈ ఒక్కటే లేత ఎరుపు. చుట్టూ సిమెంటు వేరే రంగు. కళ్ల ముందే ఉంది.

నాయన గంట తాడు ముడి వేస్తున్నాడు.

"నాయనా, ఈ రాయి యాడిది?"

ముడి వేయడం ఆపలేదు. "ఏంటికి?"

"కాలేజీలో అడిగినారు."

ముడి బిగించాడు. తర్వాత "బండి ఎక్కు" అన్నాడు. మోటారు సైకిల్ మీద పొలాలు దాటించి, తారు రోడ్డు ఆగిపోయిన చోటు కూడా దాటించి, నీళ్ల దగ్గరికి తీసుకుపోయాడు. డ్యాం నీళ్లు వెనక్కి తీసే కాలం ఇది. నీళ్లు వదిలిన నేలంతా పగుళ్లిచ్చి ఉంది. దూరంగా ఎవరో ఆ ఒండ్రులో దోసతీగలు పెట్టుకున్నారు. ఆకాశం, నీళ్లు, బురద, అన్నీ ఒకే రంగు. ఎక్కడ ఏది మొదలవుతుందో చెప్పలేను. గాలి లేదు. కొంగ ఒకటి నీళ్లలో నిలబడి ఉంటే అది నిలబడిందా, నేను కలగంటున్నానా అని కాసేపు అనుమానం వచ్చింది.

"అదో, ఆ దిబ్బ కానొస్తాందే. ఆడికి అవతల ఉండె మన ఇల్లు. గుడి ఇంగా అవతల. అది బయటికి రాదు, లోతుగా ఉండాది." నాయనకు చర్చి అంటే గుడే.

"రాయి?"

"మీ జేజినాయన, ఇంగ నలుగురు గుడిలో నుంచి పెరికిరి. పోలీసోళ్లు బిన్నా బిన్నా అని తరుముతానే ఉండ్రి. వాకిండ్లు, దూలాలు, తిరగలి రాయి, అందరూ ఏది దొరికితే అది బండ్లలో ఏసుకుంటిరి. మేం ఆ రాయి ఏసుకుంటిమి. నేను దాని పక్కనే కూచోని వస్తి. బండి కుదుపుకు నా కాలి మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోని." తన చెయ్యి చూసుకున్నాడు. "పెసరబండలో అప్పుడు బోదగడ్డి కప్పిన కొట్టంలో ప్రార్థన చేసుకుంటాండ్రి. రెండూర్లోళ్లూ కల్సి గుడి కడితిమి. రాయి అండ్లో పెడితిమి."

అంటే మా చర్చికి నూట నలభై ఏళ్లు లేవు. నాయన కంటే పదేళ్లు చిన్నది.

"అమ్మకు ఏంటికి చెప్పలేదు నాయనా?" ఏడుపు వచ్చేసింది నాకు, కోపంతో.

"పెండ్లయిన మొదటి వారం గుడికి పిల్చుకోని పోతి. ఆ రాయి మీద చెయ్యి పెట్టి, 'ఎంత పాత గుడికి కోడలుగా వస్తినో' అనింది. అంత సంబరంగా అంటాంటే మీ జేజి పక్కనే ఉండె. ఆ ఊరి పేరు ఎట్ల ఎత్తేది? అప్పుడు పోయింది, ఇంగ ఎప్పుడూ కుదర్లే. ఫోన్లో రాసినాక సదివి వినిపిచ్చె. బాగుండాది అంటి. బాగుండె కాబట్టే అంటి."

"ఊర్లో వేరేవాళ్లు?"

"టీచరమ్మ రాసింది కదా, ఆమెకు తెలీదా అనుకుంటిరి."

అమ్మ పెసరబండను అక్కడ పుట్టినవాళ్ల కంటే ఎక్కువ ప్రేమించింది. అందుకే ఎవరూ చెప్పలేకపోయారు. అమ్మ మీద జాలి, నాయన మీద కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి.

తేదీ సంగతి చెప్పాను. కామా సంగతి కూడా. నాయన నీళ్ల వైపు తిరిగి, "అయితే మార్చొద్దు పాపా. అట్లనే ఉండనీ. మనకేం నష్టం?" అన్నాడు.

సరే అన్నాను. నాకు కావలసిన మాట అదే.

ఫిబ్రవరి 25

నష్టం లేదు. నాయన చెప్పాడు.

మార్చి 1, శనివారం

మేడం ఇంటికి పోయి, విషయం మార్చుకుంటానని అడిగాను. మామిడి మీద రాస్తాను, భూపేష్ బనగానపల్లె రాస్తే నేను పక్క ఊరి మామిడి రాస్తానన్నాను. మేడం కాఫీ ఇచ్చారు. పుస్తకం స్కాన్ చూపించాను. నీళ్ల దగ్గర నాయన చెప్పిందంతా చెప్పాను. మార్చొద్దన్నాడని కూడా.

"విషయం మార్చుకో. నేను వద్దనను. ఒక్కటి అడుగుతా. ఏటిపాడు అని ఇంటర్నెట్లో వెతికినావా?"

వెతకలేదు.

హాస్టల్‌కు నడిచి వచ్చి వెతికాను. తెలుగులో కొట్టాను. ఇంగ్లిషులో కొట్టాను, నాలుగు రకాలుగా. ఫలితాలు లేవు. ఫలితాలు లేవు. ఒక చోట మాత్రం, మీరు పెసరబండ కోసం వెతుకుతున్నారా అని అడిగింది. నొక్కితే అమ్మ పేజీ తెరుచుకుంది. నూరేళ్ల నాటి పురుగులు తిన్న ఒక్క పేజీ తప్ప, ఆ ఊరు ఉండేదని చెప్పేది లోకంలో ఏమీ లేదు. దానికి మిగిలిన ఒక్క రాయినీ మేము పెసరబండ పేరు మీద రాసేసుకున్నాం.

నాయనకు ఫోన్ చేశాను. "నాయనా, ఏటిపాడు అని కొడితే ఏమీ రాలేదు."

"ఏమీ అంటే?"

"ఏమీ లేదు నాయనా. లేనే లేదంట అట్లాంటి ఊరు."

అవతల మేక అరుపు వినిపించింది. తర్వాత నాయన ఫోన్ పెట్టేశాడు. పొద్దున్నే ఆ పేరు అంత గట్టిగా ఎందుకు అన్నానా అని దినమంతా తిట్టుకున్నాను.

మార్చి 4

నాయన ఫోన్ ఎత్తలేదు.

మార్చి 5

ఎత్తాడు. బాగుండావా అన్నాడు. తిన్యావా అన్నాడు. అంతే.

మార్చి 8, శనివారం

ఇల్లు. వ్యాసం అంతా అయిపోయింది, ఒక్క సైటు దగ్గర తప్ప. అక్కడ ఖాళీ వదిలాను. ఏసుమణి గారి సైటు నమ్మదగినది అని రాస్తే అబద్ధం. నమ్మకూడదు అని రాస్తే చెయ్యి రావడం లేదు.

నాయన రోజంతా పొలంలోనే ఉన్నాడు. నాతో మాట్లాడకూడదనే పోయాడనుకున్నాను. తప్పు నాదే.

మార్చి 9, ఆదివారం

సాయంత్రం. నాయన వాకిట్లో నీళ్లు చల్లి మంచం వేసి, నన్ను పిలిచాడు. స్నానం చేసి చర్చికి పోయే తెల్ల చొక్కా వేసుకున్నాడు. పొద్దున వేసుకున్నది మళ్లీ వేసుకున్నాడు.

"ఫోన్ తీయి పాపా. మీయమ్మ పేజీ తీయి. రాయల్ల."

"నాయనా, మార్చొద్దంటివి కదా?"

"మీయమ్మ రాసిండేది ఒక్క ముక్క తీయొద్దు. దాని కింద రాయి."

"తేదీ పోతాది నాయనా."

"తెల్సు."

"అమ్మ తేదీ."

"తెల్సు పాపా. నాకు మాత్రం బాధ లేదనుకుంటాండావా? పోనీ. వారం దినాల నుంచి అదే అనుకుంటాండా. మీయమ్మ నన్ను నమ్ముకోని ఈ ఊరికి వచ్చె. అయినా మా ఊరు ఏదో ఆమెకు చెప్పకపోతి."

అమ్మ పోయిన రెండేళ్లకు మొదటిసారి లాగిన్ అయ్యాను. లోపల అమ్మ వదిలిన చోటే అంతా ఉంది. అడుగున కర్సర్ మినుకుతోంది. నాయన చొక్కా సర్దుకుని, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు ప్రకాశం. మాది ఏటిపాడు."

అక్కడ ఆగిపోయాడు. మా ఇంటి వాకిట్లో, నాకు తెలిసి, ఆ పేరు ఆయన నోట రావడం ఇదే మొదలు. ఎదురింటి సుంకమ్మవ్వ, ఆమెదీ ముంపు ఊరే, రాగులు చెరుగుతున్న చాట కింద పెట్టి మా వైపు చూసింది. లేచి వచ్చి మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

నాయన చెప్పాడు, నేను టైపు చేశాను. బండ్లు, దూలాలు, రాయి, చెయ్యి అడ్డం పెట్టుకోవడం. గుడి వాకిట్లో రెండు వేపచెట్లు ఉండేవట. ఏ ఇంటి పక్క ఏ ఇల్లు, ఎవరెవరివి. నేను పుస్తకం భాషలోకి మారుస్తుంటే, "నేను అట్ల మాట్లాడ్తానా?" అని కసిరి, మళ్లీ తన మాటల్లోనే రాయించాడు. పొద్దు వాలింది. చివర ఏం రాయమంటావని అడిగాను. అమ్మ పొరపాటు పడిందని రాయాలా?

"పొరపాటు ఆమెది కాదు. 'ఇది ఏసుమణికి ఎవురూ చెప్పలేదు. చెప్పల్సినోణ్ణి నేను, చెప్పలేదు' అని రాయి."

రాశాను. సేవ్ దగ్గర వేలు పెట్టి ఆగిపోయాను. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆపడానికేమో అనుకున్నాను. ఊరికే పట్టుకున్నాడు. నొక్కాను.

పేజీ ఒకసారి తెల్లబడి తిరిగి వచ్చింది. చివరిగా మార్చినది, 9 మార్చి 2025. అమ్మ తేదీ పోయింది. చాలా నొప్పి పుట్టింది. రేపు వ్యాసంలో, ఈ సైటును రాసినవాళ్లు ఇద్దరు, ఇద్దరికీ ఎలా తెలిసిందో అందులోనే ఉంది, నమ్మవచ్చు అని రాస్తాను. మేడం ఎన్ని మార్కులు వేసినా సరే.

"ఇంగ మొత్తం సదువు" అన్నాడు నాయన. "పైనుంచి."

అమ్మది మొదటి నుంచి చదివాను. పెసరబండ చర్చి గోడకు చెవి ఆనించి కూర్చుంటే చల్లగా నిద్ర వస్తుంది అన్నది చదివాను. నూట నలభై ఏళ్లుగా జనం పాడిన పాటలు అనగానే నాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఫోన్ మీదికి వంగి, నవ్వుతూ, "కాదు మణీ, అది మా ఊరి రాయి" అన్నాడు. "నువ్వు రాకముందు సంగతి. ఉండు, చెప్తా."

అమ్మ పోయిన తర్వాత నాయన ఆమెతో మాట్లాడటం ఈరోజే విన్నాను. ఆ తర్వాతి వాక్యం చదవకుండా ఫోన్ ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను.